స్వామిని సానిగా మారిన దారి

హైదరాబాదులో తార్నాకకు, అడిక్‌మెట్‌కు, అంబర్‌పేట్‌కు నడుమ పరచుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు నేల, 1918లో ఆ సంస్థ ఏర్పడడానికి నూరేళ్ళకు పైగా ముందు, ఒక స్త్రీ జాగీరులో భాగంగా ఉండేది. జాగీరు అంటే ప్రభువు తన కొలువులోని వారికి, శిస్తు అనుభవించే హక్కుతో సహా రాసి ఇచ్చే గ్రామం. అడిక్‌మెట్ జాగీరును అనుభవించిన ఆ స్త్రీ మహలఖా బాయి చందా. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఈమె ఉర్దూ కవయిత్రి, గాయని, నర్తకి. రెండవ ఆసఫ్‌జా అయిన నిజాం అలీఖాన్ కొలువులో ఉన్నత స్థానం పొంది, యుద్ధయాత్రలలో సైతం ఆయన వెంట వెళ్ళినది. ఆమె గజళ్ళ సంపుటం ‘గుల్జారె మహలఖా’ ఆమె పోయిన ఏడాదే వెలువడింది. ఆమె పేరుతో పిలిచే మెట్లబావి ప్రాంగణం వైపున నేటికీ ఉన్నది; తార్నాకకు దగ్గరలోని మౌలాలి గుట్ట అడుగున, తల్లి కోసం తాను కట్టించిన తోటలో, తల్లి పక్కనే ఆమె సమాధి ఉన్నది.

ఈ పేరులోని మూడు భాగాలూ మూడు తీరుల మాటలు. చందా అన్నది పుట్టుపేరు నుంచి వచ్చిన కలం పేరు. మహలఖా అన్నది నిజాం ఇచ్చిన బిరుదు, చంద్రునివంటి ముఖం కలదని దాని భావం. బాయి అన్నది మరాఠీ, హిందీ ప్రాంతాలలో స్త్రీల పేర్ల చివర చేర్చే మన్నన మాట. ఇండోరును ఏలిన అహల్య, ఝాన్సీని ఏలిన లక్ష్మి, కృష్ణభక్తిలో రాజమందిరం విడిచిన మీర, ముగ్గురూ బాయిలే. పరిపాలకురాలికి, భక్తురాలికి, కొలువులోని కళావతికి ఒకే మాట చెల్లిన ఆ కాలంలో ఎవరూ దానిని కించపాటుగా భావించలేదు. అయితే ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి, పాటతో బతికే స్త్రీ పేరు చివర వచ్చినప్పుడు, అదే బాయి అనుమానించదగిన మాటగా మారింది. ఈ మార్పులో రేడియోకు కూడా పాత్ర ఉన్నది. స్వాతంత్ర్యానికి కొంచెం ముందు, సర్దార్ పటేల్ ప్రసార శాఖ చూస్తున్న రోజులలో, ఆకాశవాణి గాయనుల వ్యక్తిగత జీవితాన్ని ఆరా తీసి కొందరిని మైకు ముందుకు రానీయలేదు. గృహిణి అనిపించుకోగలిగిన వారికే చోటు దొరికింది. ఫైజాబాదుకు చెందిన అఖ్తరీబాయి 1945లో ఒక న్యాయవాదిని పెళ్ళాడి, కొంతకాలం పాట మానుకొని, 1949లో లక్నో కేంద్రం నుంచి మళ్ళీ పాడిన తరువాత లోకానికి బేగం అఖ్తర్‌గా నిలిచిపోయింది. గొంతు అదే, పాట అదే; మారినది పేరుకు తగిలించిన గౌరవ వాచకం మాత్రమే.

గౌరవ వాచకం అంటే మనిషి హోదాను, పవిత్రతను లేదా అధికారాన్ని తెలిపేందుకు పేరుకు ముందో వెనుకో చేర్చే మాట. స్త్రీల విషయంలో ఇటువంటి మాటలు తెలుగునాట రెండువేల ఏళ్ళుగా పుట్టుతూ, ఎదుగుతూ, కొన్ని చెడుతూ వచ్చాయి. చెడినవాటిని చూసి లోకం చెడిందనో, ఆ స్త్రీలు చెడ్డారనో అనుకోవడం సులభం కాని, శాసనాలను కాస్త ఓపికగా చదివితే మాట పతనానికి వేరే కారణం కనిపిస్తుంది. మాట వెనుక ఒక కొలువు, అంటే భూమి, దానం చేసే స్వేచ్ఛ, సభలో చోటు ఉన్నంతకాలం మాటకు పరువు ఉంటుంది. కొలువు పోయి మాట ఒక్కటే మిగిలినప్పుడు దానిని ఎవరు ఎటు ఈడ్చినా అడిగేవారు ఉండరు.

తొలి సాక్ష్యాలు ప్రాకృత శాసనాలలో ఉన్నాయి. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో, వాసిష్ఠీపుత్ర పులుమావి పందొమ్మిదవ పాలనా సంవత్సరంలో వేయించిన నాసిక్ గుహా శాసనంలో, గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి బాలశ్రీ తనను మహాదేవిగా, మహారాజుకు తల్లిగా, మహారాజుకు నాయనమ్మగా చెప్పుకొన్నది. రాజర్షి వధువు అన్న మాటకు తగినట్లు నడచుకొన్నదని కూడా ఆ శాసనం ఆమెను మెచ్చుకొన్నది. గమనించదగినదేమంటే ఆ బిరుదులన్నీ కొడుకు, మనుమడు, భర్తల మీదుగా వచ్చినవే అయినా, గుహను భిక్షువులకు ధారపోసిన దాతగా శాసనంలో నిలిచినది ఆమెయే.

మూడవ శతాబ్దపు నాగార్జునకొండలో ఈ తీరు మరింత స్పష్టమవుతుంది. అక్కడి ఇక్ష్వాకు రాజుల కాలంలో మహాతలవరుడు అనేది ఒక ఉన్నతోద్యోగి హోదా. అతని భార్యను మహాతలవరి అన్నారు. రాజైన చాంతమూలునికి చెల్లెలు, మహాతలవరుడైన స్కందశ్రీకి భార్య అయిన చాంతిసిరి, వీరపురుషదత్తుని ఆరవ పాలనా సంవత్సరంలో మహాచైత్యాన్ని పూర్తి చేయించింది. రాచకుటుంబానికి చెందని బోధిసిరి అనే స్త్రీ అదే రాజు పద్నాలుగవ సంవత్సరంలో, సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి, తనను ఉపాసిక అని మాత్రమే చెప్పుకొన్నది. ఉపాసిక అంటే ఇల్లు విడవకుండా, బౌద్ధధర్మాన్ని అనుసరించే స్త్రీ. ఇల్లు విడిచినవారికి వేరే మాటలు ఉన్నాయి: అమరావతి శాసనాలలో భిఖుని, అంటే భిక్షుణి, పవజితిక, అంటే ప్రవ్రజించిన, సంసారం వదలి వెళ్ళిన స్త్రీ, అంతేవాసిని, అంటే గురువు దగ్గర ఉండి చదువుకొన్న శిష్యురాలు. అంతేవాసిని అన్న మాట ప్రత్యేకంగా విలువైనది. భార్య, తల్లి, కూతురు అన్న వరుసలతో నిమిత్తం లేకుండా, చదువు ద్వారా స్త్రీకి దక్కిన హోదాను తెలిపే అరుదైన మాటలలో అది ఒకటి. ఈ మాటలు బౌద్ధంతోపాటు తెలుగునాట వాడుక తప్పాయి, కాని ఏవీ తిట్లుగా మారలేదు. సంఘం పూర్తిగా కనుమరుగైనప్పుడు దాని మాటలు పుస్తకాలలో భద్రంగా నిద్రపోతాయి. కాలం కలిసిరాక సగం బతికిన వ్యవస్థల మాటలకే అసలు ప్రమాదం.

అటువంటి సగం బతుకు మాటలలో మొదటిది సాని. సంస్కృతంలోని స్వామిని, అంటే యజమానురాలు, ఏలిక, తెలుగు నోట సాని అయింది. పన్నెండు, పదమూడు శతాబ్దాలలో గౌరవనీయులైన గృహిణుల పేర్ల చివర ఈ మాట నిండు మర్యాదతో కనిపిస్తుంది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరుకసాని 1208లో గుడి కట్టించగా, ఆ గుడి ఆమె పేరు మీదనే ఎరకేశ్వరాలయమైంది. దేవుడే ఆమె పేరు పెట్టుకొన్నాడని చెప్పినా తప్పులేదు. అదే కాలంలో దేవాలయ సేవలో ఉన్న స్త్రీలను గుడిసానులు అన్నారు. గోదావరి తీరంలోని ద్రాక్షారామం మొదలైన పెద్ద గుడులలో సాని మున్నూరు అనే సముదాయం ఉండేది. మున్నూరు అంటే మూడువందలు; ఊరి పెద్దల, వర్తకుల కూటములను సంఖ్యతో పిలిచే అలవాటు ఆ రోజులలో ఉన్నందున, ఇది తలలు లెక్కించి పెట్టిన పేరు కాకపోవచ్చు, ఒక వ్యవస్థకు పెట్టిన పేరు. గుడికి ఎవరైనా అఖండదీపానికి గొర్రెలనో, భూమినో ఇచ్చినప్పుడు, ఆ ధర్మం చెడకుండా చూసే బాధ్యత స్థానపతులతో, అంటే ఆలయ నిర్వాహకులతో, పాటు సానులకు కూడా అప్పగించిన సందర్భాలు శాసనాలలో ఉన్నాయి. వారు స్వయంగా దాతలు కూడా. తన పేర దీపం పెట్టించి, ఆ సంగతిని గుడి స్తంభం మీద చెక్కించుకోగలిగిన స్త్రీని దాసి అనడం ఎంత తేలికో, నిజానికి అంత దూరం.

ఈ సందర్భంలో ఒక పక్కమాట. పదమూడవ శతాబ్దంలో ఓరుగల్లును ఏలిన రుద్రమకు సాని అన్నా, రాణి అన్నా, దేవి అన్నా సరిపోలేదు. రాణి అంటే రాజు భార్య అనే అర్థం అప్పటికే గట్టిపడి ఉన్నందున, శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అన్నాయి. తానే ఏలే స్త్రీకి తెలుగులో మాట లేక పురుష నామాన్ని అరువు తెచ్చుకోవలసి వచ్చింది. మరోవైపు కాకతీయుల చివరి రోజుల ఓరుగల్లును వర్ణించే క్రీడాభిరామంలో ప్రతాపరుద్రుని ప్రియురాలైన వేశ్య పేరు మాచల్దేవి. దేవి అనే మాటను ఆమెకు వాడడానికి కవి వెనుకాడలేదు, విన్నవారు నొచ్చుకోలేదు.

సాని ఎప్పుడు జారింది అన్న ప్రశ్నకు ఒక తేదీ చెప్పడం కుదరదు. గుడి, కొలువు రెండూ బలహీనపడిన కొద్దీ జరిగిన మార్పు అది. పందొమ్మిదవ శతాబ్దంలో మద్రాసు రాజధానిలోని న్యాయస్థానాలు ఆలయ స్త్రీలను వేశ్యల జాబితాలో చూడడం మొదలుపెట్టాయి. ఆ శతాబ్దపు చివరి దశకాలలో భోగం మేళాలకు, అంటే ఆ స్త్రీల ఆటపాటలకు, వ్యతిరేకంగా సాగిన ఉద్యమం, కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్తల కలం, ఆ చూపును చదువుకొన్న తెలుగువారందరికీ అందించాయి. వీరేశలింగం ఉద్దేశాన్ని శంకించనవసరం లేదు, కాని పద్దెనిమిదవ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని గురించి ఆయన రాసినది చదివితే, కవిత్వం కన్నా కవయిత్రి పుట్టుకనే ఎక్కువగా చూశాడని తోస్తుంది. దానికి సమాధానంగా బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను పరిష్కరించి అచ్చు వేయించగా, బ్రిటిషు ప్రభుత్వం దానిని అశ్లీలమని నిషేధించింది, ప్రకాశం పంతులు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు గాని ఆ నిషేధం తొలగలేదు. దేవదాసీ కుటుంబంలో పుట్టిన నాగరత్నమ్మ తన సంపాదనతో తిరువయ్యారులో త్యాగరాజ సమాధి మందిరం కట్టించిన మనిషి. పిల్లలమర్రి ఎరుకసాని చేసిన పనికి, ఈమె చేసిన పనికి తేడా లేదు. ఏడువందల ఏళ్ళలో తేడా వచ్చినది చేసినవారిని పిలిచే మాటలోనే.

తీరాంధ్రలోని ఆ కుటుంబాలవారు సాని, భోగం అన్న మాటలను వదలించుకొని కళావంతులు అన్న పేరు ఎంచుకొన్నారు. 1947లో మద్రాసు శాసనసభ చేసిన చట్టం ఆలయాలకు అంకితమిచ్చే ఆచారాన్నే నిషేధించింది. అప్పటికి సాని ఒంటరిగా వాడితే తిట్టు. సానివాడ అంటే మర్యాదస్థులు తలదించుకొని నడిచే వీధి. విచిత్రమేమంటే అదే మాట సమాసాలలో మాత్రం చెక్కుచెదరలేదు. పురుడు పోసే స్త్రీని మంత్రసాని అన్నప్పుడు ఎవరూ ముఖం చిట్లించరు. దొర భార్య దొరసాని. ఒక సానికి పని అండ, మరొక సానికి మొగుని అండ. గుడి అండ పోయిన సాని ఒక్కతే వీధిన పడింది.

దొరసాని పరువు మాత్రం ఎంత నిలకడైనది? తెలంగాణ పల్లెలలో ఆ మాటలో మన్నన కంటే భయం పాలు ఎక్కువ. విసునూరు దేశ్‌ముఖు పెద్ద భూస్వామి; అతని తల్లి జానకమ్మ కడవెండి గడీలో, అంటే కోటవంటి దొర ఇంటిలో, దొరసాని. 1946 జూలై 4న ఆ ఊరిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకి గుండుకు ఒరిగిన తరువాత, తెలంగాణ రైతుల సాయుధ పోరాటపు జ్ఞాపకాలలో ఆ మాట మరి కోలుకోలేదు. అదే దేశ్‌ముఖును ఎదిరించి, తాను సాగుచేసుకొన్న భూమిని, దాని పంటను దక్కించుకొన్న పాలకుర్తి రజకస్త్రీ చిట్యాల ఐలమ్మ. హైదరాబాదు కోఠీలో, ఒకనాటి బ్రిటిషు రెసిడెన్సీ భవనంలో, ఉస్మానియా మహిళా కళాశాలగా పేరుపొందిన సంస్థ విశ్వవిద్యాలయంగా మారిన తరువాత, 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. వీరనారి అన్నది ప్రజాస్వామ్యం ఇస్తున్న కొత్త బిరుదు. కులం పేరును చెరిపివేయకుండా దాని ముందు బిరుదు నిలపడం ఈ పేరులోని విశేషం. కుల వృత్తిని దాచితేనే గౌరవం అన్న పాత లెక్కను అది తోసిపుచ్చింది.

ఇంటి స్త్రీల మాటల గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ముత్తైదువ అన్న మాటలోని ఐదువ, అవిధవ నుంచి వచ్చినది; అంటే ఆ గౌరవమంతా విధవ కాకపోవడంలోనే ఉన్నది. పేరంటానికి, అంటే పసుపు కుంకుమల వేడుకకు, పిలిచే ముత్తైదువను పేరంటాలు అంటారు. భర్త చితిలో ప్రాణం విడిచిన స్త్రీని కూడా పేరంటాలు అనే పేరుతోనే గ్రామదేవతగా కొలిచారు. సుఖంగా ఇంట్లో ఉన్న ఆమెకు, మంటలో కాలిన ఆమెకు ఒకే మాట చెల్లడం గురించి పండితులు పెద్దగా కలత చెందినట్లు కనిపించదు.

మతపరమైన హోదా, సాంఘికమైన హీనత ఒకే మనిషిలో కలిసి కనిపించేది ఆషాఢమాసపు బోనాలలో. అంబర్‌పేట్ మహంకాళి గుడి మొదలుకొని జంటనగరాల అమ్మవారి గుడులన్నిటిలో ఆ రోజులలో శివసత్తులు కనిపిస్తారు. శివసత్తి అంటే అమ్మవారో, మల్లన్నో ఒంటి మీదికి వచ్చినప్పుడు సిగం ఊగే స్త్రీ. సిగం అంటే పూనకం. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడిలో బోనాల మరునాడు రంగం జరుగుతుంది. అమ్మవారికే అంకితమైన అవివాహిత స్త్రీ పచ్చికుండ మీద నిలబడి, రాబోయే ఏడాది వానలు, పంటలు, రోగాల గురించి పలుకుతుంది. మంత్రులు, అధికారులు చేతులు కట్టుకొని వింటారు. ఆ ఘడియలో ఆమెను పేరుతో పిలిచేవారు ఉండరు, అమ్మా అనే పిలుస్తారు. ఇదే తెలంగాణ పల్లెలలో, ప్రధానంగా దళిత కుటుంబాల ఆడపిల్లలను పోచమ్మకో, ఎల్లమ్మకో ముడిపెట్టి జోగినులుగా మార్చి, ఊరి పెత్తందారుల పాలు చేసిన ఆచారం కూడా సాగింది. జోగిని అన్నది యోగిని తద్భవం. యోగసాధనలో సిద్ధిపొందిన స్త్రీ అన్న ఎత్తైన అర్థం నుంచి ఆ మాట ఈ స్థితికి దిగింది. రాయలసీమలో బసివి, చిత్తూరు వైపున మాతమ్మ అన్న మాటలదీ ఇదే కథ. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో చేసిన నిషేధ చట్టం ఈ పేర్లను ఏకరువు పెట్టిన తీరు చూస్తే, వాటిలో పార్వతి కూడా ఉండడం ఆశ్చర్యం కలిగిస్తుంది: అమ్మవారి పేరు నేరపు పత్రంలోకి ఎక్కింది. సానికి, జోగినికి ఒక పెద్ద తేడా ఉన్నది. సాని వెనుక ఒకప్పుడు దానం చేసే చేయి ఉండేది. జోగినికి మాత్రం కొలువు లేకుండానే కొలువు పేరు అంటగట్టారు. కాబట్టి ఈ మాటకు పూర్వవైభవం వెతకడం మోసమే అవుతుంది. కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం నిజామాబాదు జిల్లా వర్నిలో ఈ స్త్రీల కోసం నెలకొల్పిన ఆశ్రయానికి చెల్లి నిలయం అని పేరు పెట్టినది. దేవత పేరు కాదు, బిరుదు కాదు, ఇంటి వరుస. కొన్ని సందర్భాలలో గౌరవం ఇవ్వడమంటే ఎత్తైన పీఠం దిగనివ్వడమే.

ఇన్ని మాటలు ఎక్కి దిగినా కదలనిది అమ్మ. పోచమ్మ, మైసమ్మ, మేడారపు సారలమ్మ; ఒకప్పుడు మశూచి సోకినా అమ్మవారనే అన్నారు; అంబర్‌పేట్‌లో ఇటీవల పూడిక తీసి మళ్ళీ నీటితో నింపిన చెరువు బతుకమ్మ కుంట. పద్దెనిమిదవ శతాబ్దపు కవయిత్రి తరిగొండ వెంగమాంబ భర్త పోయిన తరువాత కూడా, వేంకటేశ్వరుడే భర్త అని చెప్పి తల గొరిగించుకోవడానికి ఒప్పుకోలేదు. ఆనాటి ముత్తైదువ నిర్వచనంలో ఆమెకు చోటు లేదు. నేడు తిరుమలలో నిత్యాన్నప్రసాదం వడ్డించే భవనం మీద మాతృశ్రీ అన్న బిరుదుతో ఆమె పేరు ఉన్నది, ఏకాంత సేవలో ఆమె పేరిట ముత్యాల హారతి సాగుతున్నది. ఆ హారతి వెనుక ఒక దేవస్థానం నిలిచి ఉన్నందున ఆ మాటకు జంకు లేదు. కతోలికుల మఠకన్య, కన్యస్త్రీ అన్న మాటలు కూడా బడి, ఆసుపత్రి, మఠం వెనుక ఉన్నందుననే నిలబడినాయి. పెళ్ళి లేకపోవడం వాటికి మచ్చ కాలేదు. భర్త లేనందున సాని చెడిందన్న వాదానికి ఇంతకంటే వేరే సమాధానం అక్కరలేదు.

చరిత్ర పుస్తకాలు రాసేవారు, గుడులలో వివరణ ఫలకాలు పెట్టించేవారు, బడిలో శాసనపాఠం చెప్పేవారు ఈ సంగతిని గుర్తించవలసి ఉన్నది. పన్నెండవ శతాబ్దపు రాతి మీద సాని అని ఉన్నచోట దేవదాసి అనో, వేశ్య అనో తిరగరాసే అలవాటు ఇకనైనా మానాలి. దీపం పెట్టించిన స్త్రీ రాతి మీద తన పేరును ఏ మాటతో చెక్కించుకొన్నదో, ఆ మాటతోనే ఆమెను పేర్కొనాలి. జోగినుల విషయంలో ఆ పని బతికి ఉన్నవారినే అడిగి చేయాలి.